యాభై మార్కుల బీరు

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకు పోటీలుంటాయి. ఎంట్రీ ఫీజు కట్టి సీసాలు పంపాలి. మెడళ్లు కొద్దిమందికే వస్తాయి. స్కోరు షీటు మాత్రం ఓడినవాళ్లకు కూడా వస్తుంది. ముక్కూమొహం తెలియని మనిషి మన బీరు వాసన చూసి, రుచి చూసి, ఏది బాగుందో, ఏది చెడిందో, ఎందుకు చెడి ఉండొచ్చో రాసిచ్చే కాగితం అది. ఈ పోటీల్లో అసలు బహుమతి ఆ కాగితమేనని నా గట్టి నమ్మకం. దాని చుట్టూ ఉన్న కొన్ని విశేషాలు చూద్దాం.

నేరం నుంచి మెడల్ దాకా

అమెరికాలో మద్యనిషేధం 1933లోనే పోయింది. ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది కానీ బీరుకు దొరకలేదు. జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చాకే ఇంట్లో బీరు చేసుకోవడం ఫెడరల్ నేరం కాకుండా పోయింది. ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. అన్ని రాష్ట్రాల కంటే ఆలస్యంగా ఒప్పుకున్నవి మిసిసిపీ, అలబామా. అది కూడా 2013లో!

చట్టం కోసం ఆగనివాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో మాల్టోస్ ఫాల్కన్స్ అనే హోమ్‌బ్రూ (ఇంటి బీరు) క్లబ్బు 1974లోనే మొదలైంది.

అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్‌ను 1978లో కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్, చార్లీ మాట్జెన్ పెట్టారు. పపాజియన్ చదివింది న్యూక్లియర్ ఇంజినీరింగ్, చేసింది బడిపంతులు ఉద్యోగం. మరుసటి ఏడాది జరిగిన మొదటి జాతీయ పోటీకి వచ్చిన ఎంట్రీలు 34. తర్వాతి కాలంలో అవి వేలకు చేరాయి.

జడ్జికీ పరీక్షే

మార్కులు వేసేవాళ్లు ఊరికే వచ్చి కూర్చున్నవాళ్లు కారు. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థ 1985 నుంచి వాళ్లకు పరీక్షలు పెడుతోంది. రుచి పరీక్షలో 90 నిమిషాల్లో ఆరు బీర్లకు పూర్తి షీట్లు రాయాలి. ఇంత కష్టపడి పాసైనా జీతం ఉండదు, అంతా స్వచ్ఛంద సేవే.

పోటీకి వచ్చే సీసా మీద లేబుల్ ఉండకూడదు. మూత మీద ఏదైనా బొమ్మ ఉంటే నల్ల మార్కర్‌తో కొట్టేయాలి. వివరాల చీటీని అంటించకూడదు, రబ్బరు బ్యాండుతో కట్టాలి. జడ్జి ముందుకు వచ్చేసరికి సీసా మీద మిగిలేది ఒక నంబరు మాత్రమే. షీటు మీద మాత్రం జడ్జి పేరు, సర్టిఫికెట్ నంబరు, ఈమెయిల్ రాసే చోట్లుంటాయి. పరీక్ష రాసినవాడి పేరు దాచి, దిద్దినవాడి పేరు బయటపెట్టే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మన బడుల్లోనూ ఇలా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

పెన్సిల్ విషయంలోనూ పట్టింపే

చాలామంది జడ్జీలు చెక్క పెన్సిల్ వాడరు. చెక్క వాసన బీరు వాసనలో కలుస్తుందని మెకానికల్ పెన్సిల్ పట్టుకుంటారు. సెంటు పూసుకుని రారు. గ్లాసులో పోసేది రెండు మూడు ఔన్సులే. పోయగానే ముక్కు దగ్గర పెట్టుకుంటారు, ఎందుకంటే కొన్ని వాసనలు క్షణాల్లో ఎగిరిపోతాయి. గ్లాసును అరచేత్తో మూసి, గుండ్రంగా తిప్పి, చెయ్యి తీసి మళ్లీ వాసన చూస్తారు. బీరు మరీ చల్లగా ఉంటే రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబెడతారు. నల్లటి బీరయితే వెనక చిన్న టార్చిలైటు వేసి తేటగా ఉందో లేదో చూస్తారు. ఒక్కో బీరుకు పది నిమిషాలు పడుతుంది. పక్కనున్న జడ్జితో మాట్లాడేది తన షీటు రాయడం అయ్యాకే.

మార్కులు యాభైకి. వాసనకు 12, కనిపించే తీరుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. నురుగు, రంగు, తేటదనం అన్నీ కలిపినా మూడే! రుచి, వాసనలదే పెత్తనం కావడం న్యాయమే.

ఎంత పాడైన బీరుకైనా మర్యాద కోసం 13కు తగ్గకుండా వేయడం ఆనవాయితీ. 30 దాటితే చాలా బాగున్నట్టు, 45 దాటితే ప్రపంచ స్థాయి.

తప్పు ఎక్కడ జరిగిందో ముక్కు చెబుతుంది

మంచి షీటుకు అసలు విలువ ఇక్కడే. 'వెన్న వాసన వస్తోంది' అని జడ్జి రాస్తే అది డైఅసిటైల్. పులిసేటప్పుడు ఈస్టే దాన్ని తయారుచేస్తుంది, చివర్లో మళ్లీ తనే తినేస్తుంది. మనం తొందరపడి చల్లబరిస్తే ఆ పని సగంలో ఆగి, వెన్న వాసన మిగిలిపోతుంది. పచ్చి యాపిల్ వాసన ఉంటే అసిటాల్డిహైడ్, అదీ చాలాసార్లు తొందర ఫలితమే.

ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించేటప్పుడు గిన్నె మీద మూత పెట్టారేమో చూసుకోవాలి. ఆవిరితో పోవలసిన గంధకపు పదార్థం మూతకు తగిలి మళ్లీ గిన్నెలోకే కారుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన ఉంటే సీసాలో నింపేటప్పుడు గాలి కలిసింది. బ్యాండేజీ, ఆసుపత్రి వాసన వస్తే అనుమానించాల్సింది కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను. దానికి మందు చవక. నీళ్లలో క్యాంప్‌డెన్ మాత్ర పొడిచేసి కలిపితే క్లోరిన్ విరిగిపోతుంది.

ఎండ తగిలిన బీరులో స్కంక్ అనే జంతువు వదిలేలాంటి కంపు పుడుతుంది. బీరులో వేసే హాప్స్ అనే పూలలోని చేదు పదార్థాలు వెలుతురుకు విడిపోయి గంధకంతో కలవడం వల్ల వచ్చేది అది. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా ముక్కు పట్టేస్తుంది. బీరు సీసాలు ఎక్కువగా గోధుమ రంగులో ఉండేది అందుకే.

ఇక్కడ గుణం, అక్కడ దోషం

జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు ఉండి తీరాలి. అవే వాసనలు పిల్స్‌నర్ అనే రకంలో వస్తే మార్కులు పోతాయి. అందుకే పోటీలో ఏ రకం బీరు విభాగానికి పంపుతున్నామన్నది అంత ముఖ్యం. అమెరికన్ పేల్ ఏల్ అనే రకానికి చేదు 30 నుంచి 50 యూనిట్లు ఉండాలి, ఐపీఏ అనే ఇంకో రకానికి 40 నుంచి 70. మధ్యలో 40–50 రెండింటికీ ఉమ్మడి. అక్కడ పడిన బీరు ఒక విభాగంలో ఓడి, పక్క విభాగంలో గెలవొచ్చు.

జడ్జీలూ మనుషులే

కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే వైన్ తయారీదారు ఒక పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోని వైన్‌ను జడ్జీలకు తెలియకుండా మూడు గ్లాసుల్లో ఇచ్చారు. మూడింటికీ ఒకే మెడల్ స్థాయిలో మార్కులు వేసింది పదిమందిలో సుమారు ఒక్కరే. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అలాగని జడ్జీలను తీసిపారేయడం తప్పు. ఒక షీటు చూసి రెసిపీ మార్చడమూ తప్పే. ఇద్దరు జడ్జీలు విడివిడిగా ఒకే దోషం రాస్తే అది ఉన్నట్టే. ఒక్కరే రాస్తే ఇంకో పోటీకి పంపి చూడాలి. మార్కు కంటే మాటను నమ్మడం మేలు. 'బాగుంది, ఇంకా మెరుగుపరచవచ్చు' అని 38 వేసిన షీటు కన్నా, 'చివర్లో వగరు తగులుతోంది, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) కడిగే నీళ్ల వేడి తగ్గించండి' అని 28 వేసిన షీటే మనకు ఎక్కువ నేర్పుతుంది.

తేలికపాటి బీరే గట్టి పరీక్ష

2013లో ఆనీ జాన్సన్ అమెరికా హోమ్‌బ్రూయర్ ఆఫ్ ది ఇయర్ అయింది. ముప్పై ఏళ్లలో ఆ గౌరవం అందుకున్న మొదటి మహిళ ఆమె. గెలిపించింది ఘాటైన బీరు కాదు, పల్చటి లైట్ లాగర్. అందులో దోషాన్ని కప్పిపుచ్చడానికి ఘాటైన హాప్స్ ఉండవు, మాడిన మాల్ట్ ఉండదు. ఆ గెలుపుకు నేను ఎక్కువ విలువిస్తాను.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇక్కడ ప్రయత్నించకండి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటూ గ్యారేజీలో బీరు చేస్తున్న మనవాళ్లకు మాత్రం ఒక మాట. మీ స్నేహితులు ఎప్పుడూ 'సూపర్' అనే అంటారు. ఈసారి పోటీకి పంపండి. పంపేటప్పుడు అదే బ్యాచ్‌లోది ఒక సీసా ఫ్రిజ్‌లో దాచుకోండి. షీటు వచ్చిన రోజున దాన్ని తెరిచి, జడ్జి రాసిన ఒక్కో మాట చదువుతూ ఒక్కో గుక్క తాగి చూడండి.