నాకౌట్ గండం

2013 జూన్ 23న బర్మింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌ను అయిదు పరుగుల తేడాతో ఓడించి ధోనీ సారథ్యంలోని భారత జట్టు చాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. పురుషుల జట్టు మళ్లీ ఒక ఐసీసీ ట్రోఫీ అందుకున్నది 2024 జూన్ 29న, బార్బడోస్‌లో. ఈ రెండు తేదీల నడుమ పది టోర్నీలు జరిగాయి. వాటిలో అయిదింట ఫైనల్లో, నాలుగింట సెమీఫైనల్లో భారత్ ఓడిపోయింది. 2021 టీ20 ప్రపంచకప్‌లో మాత్రం పాకిస్తాన్ చేతిలో పది వికెట్లతో, న్యూజిలాండ్ చేతిలో ఎనిమిది వికెట్లతో ఓడి సెమీస్‌కు ముందే ఇంటిదారి పట్టింది. పదింట తొమ్మిదిసార్లు చివరి మెట్ల దాకా రావడం చిన్న విషయం కాదు. కానీ వచ్చిన ప్రతిసారీ అక్కడే జారిపోవడాన్ని అభిమానులు మరిచిపోలేదు, మరిచిపోవలసిన పని కూడా లేదు.

ఈ ఓటములకు తరచూ వినిపించే కారణాలు రెండు. కాలం కలిసిరాలేదన్నది మొదటిది. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్ తర్వాత విరాట్ కోహ్లీ కూడా నలభై అయిదు నిమిషాల చెడ్డ ఆట తమను ఇంటికి పంపిందన్నాడు. అదృష్టం లెక్క ఎంతో చూడవచ్చు. సెమీస్‌కు చేరిన నాలుగు జట్లూ సమానమే అనుకుంటే ఒక్కో జట్టు కప్పు గెలిచే అవకాశం నాలుగింట ఒక వంతు. భారత్ అలా సెమీస్ చేరిన పరిమిత ఓవర్ల టోర్నీలు ఏడు. టెస్టు చాంపియన్‌షిప్ ఫైనళ్లు రెండు, వాటిలో అవకాశం సగం సగం. ఈ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా దక్కకపోవడానికి ఉన్న అవకాశం నూటికి మూడు, నాలుగు మాత్రమే. కేవలం దురదృష్టమే అయ్యే వీలు లేకపోలేదుగానీ ఆ సమాధానంతో సరిపెట్టుకోవడం కష్టం.

రెండో కారణం ఒత్తిడి. ఆటగాళ్లు పెద్ద మ్యాచ్‌లో బిగుసుకుపోతారని అంటారు. ఇది నిరూపించడానికీ కాదనడానికీ వీల్లేని మాట. 2023 వన్డే ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇదే జట్టు ముంబైలో న్యూజిలాండ్‌పై 397 పరుగులు చేసింది. షమీ ఏడు వికెట్లు తీశాడు. నాలుగు రోజులు తిరగకుండానే, ఫైనల్లో వాళ్ల గుండెధైర్యం ఎక్కడికి పోతుంది? స్కోరు కార్డులను వరసగా ముందు పెట్టుకుంటే మనస్తత్వం కంటే జట్టు కూర్పే ఎక్కువ కనిపిస్తుంది. పైన ముగ్గురి మీద పడ్డ భారం, వికెట్ పోతుందన్న భయంతో ఆడే మధ్య ఓవర్లు, బంతి వేయలేని బ్యాటర్లు, బ్యాట్ పట్టలేని బౌలర్లు. ఇవి నాలుగు వేర్వేరు లోపాల్లా కనిపించినా ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవే.

పై ముగ్గురి సంగతికి 2017, 2019 రెండూ సాక్ష్యమే. ఓవల్‌లో జరిగిన 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో 339 పరుగుల లక్ష్యంతో దిగిన భారత్ నుంచి పాకిస్తాన్ పేసర్ మహమ్మద్ ఆమిర్ కొత్త బంతితో రోహిత్, కోహ్లీ, ధావన్‌లను లాగేశాడు. హార్దిక్ పాండ్యా 43 బంతుల్లో 76 కొట్టినా జట్టు 158కే ముగిసింది. ఆ ముగ్గురే అప్పటిదాకా టోర్నీని నడిపించారు. వాళ్లు విఫలమైతే ఏం చేయాలన్న ప్రశ్న నాకౌట్‌కు ముందు ఎదురే కాలేదు.

2019లో ఆ ప్రశ్న ముందే తెలుసు, రెండేళ్లుగా అందరూ అడుగుతున్నారు. నాలుగో స్థానంలో ఎవరు? గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు ఆ స్థానానికి సరిపోతాడని 2018 చివర్లో జట్టు యాజమాన్యమే చెప్పింది. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌పై భారత్ 18 పరుగులకే నాలుగు వికెట్లు పోగొట్టుకుంది. బంతిని స్వింగ్ చేస్తున్నది మాట్ హెన్రీ, ట్రెంట్ బౌల్ట్. రాయుడు నిలబడి 90 చేశాడు, విజయ్ శంకర్ 45తో తోడు నిలిచాడు, భారత్ 35 పరుగులతో గెలిచింది. తర్వాత సొంతగడ్డపై ఆస్ట్రేలియాతో మూడు మ్యాచ్‌లు సరిగా ఆడలేదని రాయుడిని ప్రపంచకప్ జట్టులోకి తీసుకోలేదు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడంటూ విజయ్ శంకర్‌ను ఎంచుకున్నారు. ఆ మాట చెప్పిన సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ కూడా గుంటూరువాడే కావడంతో తెలుగునాట ఆ చర్చ చాలాకాలం సాగింది. టోర్నీ మధ్యలో ధావన్, విజయ్ శంకర్ గాయపడితే రిషభ్ పంత్‌ను, మయాంక్ అగర్వాల్‌ను పిలిపించారు. స్టాండ్‌బైగా ఉన్న రాయుడిని పిలవలేదు. జూలై 3న అతను ఆటకు వీడ్కోలు పలికాడు. తర్వాత ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నా, అప్పటికి ప్రపంచకప్ అయిపోయింది.

వీడ్కోలు పలికిన వారం రోజులకే మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్. అదే హెన్రీ, అదే బౌల్ట్. రోహిత్, రాహుల్, కోహ్లీ ఒక్కో పరుగుకు ఔటయ్యారు. స్కోరు 5కు మూడు, కాసేపటికి 24కు నాలుగు. ఆ టోర్నీలో రోహిత్ అయిదు శతకాలతో 648 పరుగులు చేశాడు, మిగతా ఇద్దరూ చెరో 350కి పైనే చేశారు. అందుకే కింది వరసకు పరీక్ష పడలేదు. రాహుల్, హార్దిక్, విజయ్ శంకర్, పంత్ ఇలా నలుగురు టోర్నీలో నాలుగో స్థానంలో మారుతూ వచ్చారు. సెమీస్‌లో ధోనీ ఏడో స్థానంలో దిగాడు. అప్పటికే సగం జట్టు పెవిలియన్‌లో ఉంది. జడేజా 59 బంతుల్లో 77 కొట్టి, ధోనీతో 116 పరుగులు జోడించి ఆశ పుట్టించాడు. గప్టిల్ విసిరిన బంతికి ధోనీ రనౌటైన దృశ్యం అందరికీ గుర్తుండిపోయింది. అయితే 240 లక్ష్యంలో 18 పరుగులు తక్కువపడ్డది ఆ ఒక్క బంతి వల్ల కాదు. నాలుగో స్థానానికి మనిషిని తయారు చేయకుండా ప్రపంచకప్‌కు వెళ్లడం వల్ల. రాయుడు ఉంటే గెలిచేవాళ్లమని ఎవరూ చెప్పలేరు. ఆ స్థానానికి ఒకరిని నమ్మి, చివరిదాకా నిలబెట్టలేదన్నది మాత్రం నిజం.

ఇక మధ్య ఓవర్ల భయం. 2014 ఏప్రిల్‌లో మీర్పూర్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. కోహ్లీ 58 బంతుల్లో 77 చేశాడు. అయినా ఆఖరి నాలుగు ఓవర్లలో శ్రీలంక ఇచ్చినవి 19 పరుగులే. 21 బంతుల్లో 11 చేసిన యువరాజ్‌ను ఆ రాత్రి దేశమంతా నిందించింది. అతని ఇంటి మీద రాళ్లు పడ్డాయంటూ వార్తలు కూడా వచ్చాయి. 2007, 2011 కప్పులు తెచ్చిపెట్టిన ఆటగాడికి జరిగిన ఆ అవమానాన్ని ఏ అభిమానం పేరుతోనూ సమర్థించలేం. ఆటపరంగా అడగాల్సిన ప్రశ్న వేరు. ఇన్నింగ్స్ ముగిసేసరికి భారత్ చేతిలో ఆరు వికెట్లున్నాయి, రైనా, జడేజా బ్యాట్ పట్టుకోనే లేదు. ఇరవై ఓవర్ల ఆటలో వాడని వికెట్‌కు విలువ లేదు. వికెట్లు దాచుకుని 130 దగ్గర ఆగిన జట్టుపై శ్రీలంక పదమూడు బంతులు మిగిలుండగానే గెలిచింది.

ఎనిమిదేళ్ల తర్వాత అడిలైడ్‌లో అదే తప్పు. 2022 టీ20 ప్రపంచకప్ సెమీస్‌లో భారత్ పవర్‌ప్లేలో 38 పరుగులు చేసింది. ఇంగ్లండ్ అదే ఆరు ఓవర్లలో 63 చేసింది. బట్లర్, హేల్స్ వికెట్ పడకుండా పదహారు ఓవర్లలోనే 169 లక్ష్యాన్ని ఊదేశారు. బౌలర్లు తేలిపోయారన్నది పైకి కనిపించిన నిజం. అసలు లోటు మొదటి పది ఓవర్ల బ్యాటింగ్‌లోనే వచ్చింది. హార్దిక్ 33 బంతుల్లో 63 కొట్టకపోతే ఆ 168 కూడా ఉండేది కాదు.

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో, ఆస్ట్రేలియాతో ఫైనల్లో జరిగింది వీటన్నిటి కంటే బాధాకరం. ఎందుకంటే ఆ జట్టు అప్పటికే మారింది. కెప్టెన్ రోహిత్ తన శతకాలను పక్కనపెట్టి తొలి ఓవర్ నుంచే విరుచుకుపడుతూ పది మ్యాచ్‌లు వరసగా గెలిపించాడు. ఫైనల్లోనూ 31 బంతుల్లో 47 చేశాడు. పది ఓవర్లకు స్కోరు 80. అప్పటికే రోహిత్ ఔట్, పదకొండో ఓవర్లో శ్రేయస్ ఔట్. అక్కడినుంచి మిగిలిన నలభై ఓవర్లలో భారత్ కొట్టినవి నాలుగే నాలుగు ఫోర్లు. ఒక్క సిక్సర్ లేదు. వరసగా 97 బంతులపాటు బంతి బౌండరీ తాకలేదు. రాహుల్ 107 బంతుల్లో 66 చేశాడు. తొంభై వేలకు పైగా జనమున్న మైదానం నోరు మెదపలేదు.

రాహుల్‌ను తప్పుపట్టడం తేలిక. అతని స్థానంలో నిలబడి కింది వరసను చూస్తే అతని జాగ్రత్తకు కారణం తెలుస్తుంది. పుణెలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో హార్దిక్ చీలమండ గాయపడి టోర్నీకి దూరమయ్యాడు. ఆ తర్వాత జట్టులో ఆరుగురు బ్యాటర్లు, జడేజా, కింద నలుగురు బౌలర్లు. షమీ, బుమ్రా, కుల్‌దీప్, సిరాజ్‌లలో ఎవరూ పరుగులు తెచ్చేవారు కాదు. రాహుల్, కోహ్లీ ఔటైతే సూర్యకుమార్, జడేజాల తర్వాత ఏమీ లేదు. దెబ్బ కొట్టే ధైర్యం బ్యాటర్ మనసులోంచే రాదు, తన వెనుక ఎవరున్నారన్న దానినుంచి కూడా వస్తుంది. ఎనిమిదో స్థానం దాకా బ్యాట్ పట్టగలవాళ్లుంటే పదిహేనో ఓవర్లోనే ఎవరో ఒకరు తెగించేవారు.

ఆ కూర్పు బౌలింగ్‌నూ దెబ్బతీసింది. హార్దిక్ లేక అయిదుగురు బౌలర్లే మిగిలారు. ఆరో చేయి లేదు. ఆస్ట్రేలియా 47కు మూడు వికెట్లు పోగొట్టుకున్న దశలో మ్యాచ్ ఇంకా బతికే ఉంది. ఆ తర్వాత ట్రావిస్ హెడ్, లబుషేన్ 192 పరుగులు జోడించారు. రాత్రి మంచు పడి బంతి చేతిలో నిలవలేదు. ఆ జోడీని కదిలించడానికి కొత్త రకం బౌలర్ ఎవరూ రోహిత్ దగ్గర లేరు. ఈ కొరత కొత్తదీ కాదు. 2016 టీ20 ప్రపంచకప్‌లో, వాంఖడేలో వెస్టిండీస్‌తో సెమీస్ ఆఖరి ఓవర్ కోహ్లీ వేయాల్సి వచ్చిందన్న సంగతి చాలామంది మరిచిపోయారు. లెండిల్ సిమన్స్ రెండుసార్లు నోబాల్ పుణ్యాన బతికిపోవడాన్నే ఆ మ్యాచ్ గురించి చెప్పుకుంటారు. 192 చేసిన జట్టు చివరి ఓవర్‌ను బ్యాటర్ చేతికి ఇవ్వాల్సిన స్థితికి రావడం అంతకంటే పెద్ద లోపం.

గెలిచిన జట్లు ఇలా ఉండేవి కావు. 1983లో సెమీస్, ఫైనల్ రెండింట్లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మొహిందర్ అమర్‌నాథ్. అతను బ్యాటరే, మీడియం పేస్ కూడా వేసేవాడు. 2011లో యువరాజ్ 362 పరుగులతోపాటు 15 వికెట్లు తీశాడు, అతనికి తోడు సచిన్, సెహ్వాగ్, రైనా ఎప్పుడు అడిగినా బంతి వేయగలిగేవారు. ఆ తర్వాత నిబంధనలు మారాయి. 2011 అక్టోబర్ నుంచి 2025 దాకా వన్డేల్లో ఇన్నింగ్స్ పొడవునా రెండు వైపులా కొత్త బంతులు, 2012 అక్టోబర్ నుంచి మధ్య ఓవర్లలో సర్కిల్ బయట నలుగురే ఫీల్డర్లు. బంతి పాతబడేది కాదు, బౌండరీ దగ్గర కాపలా తక్కువ. పార్ట్‌టైమ్ స్పిన్నర్ వేస్తే చితక్కొట్టేవారు. దాంతో బ్యాటర్లు నెట్స్‌లో బంతి పట్టడమే మానేశారు. 2023లో ఐపీఎల్ తెచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన దీనికి తోడైంది. బ్యాటర్ స్థానంలో మధ్యలోనే బౌలర్‌ను దించే వీలుంటే ఆల్‌రౌండర్‌కు బంతి ఇచ్చే అవసరం ఏ కెప్టెన్‌కూ రాదు. దీనివల్ల శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్‌లాంటి వాళ్లు బౌలింగ్ చేసే అవకాశం పోతోందని రోహిత్ బహిరంగంగానే చెప్పాడు.

2024 టీ20 ప్రపంచకప్ జట్టులో ఈ పాఠం స్పష్టంగా కనిపించింది. హార్దిక్, అక్షర్, జడేజా ముగ్గురు ఆల్‌రౌండర్లు ఒకే జట్టులో ఉండటంతో ఎనిమిదో స్థానం దాకా బ్యాటింగ్, ఆరుగురు అసలైన బౌలర్లు. బ్రిడ్జ్‌టౌన్ ఫైనల్లో 34కు మూడు వికెట్లు పడ్డాయి. పాత జట్టైతే అక్కడ ముడుచుకునేది. ఈసారి అక్షర్‌ను అయిదో స్థానంలో పంపారు, అతను 31 బంతుల్లో 47 కొట్టాడు. కోహ్లీ నిదానంగా 76 చేయగలిగాడంటే అటువైపు అక్షర్, దూబే కొడుతుండటమే కారణం. స్కోరు 176కు చేరింది. తర్వాత క్లాసెన్ చెలరేగి దక్షిణాఫ్రికాకు ముప్పై బంతుల్లో ముప్పై పరుగులు కావాల్సిన స్థితి తెచ్చాడు. బుమ్రా పదహారో ఓవర్లో నాలుగు పరుగులిచ్చాడు. హార్దిక్ క్లాసెన్‌ను ఔట్ చేశాడు. బుమ్రా మళ్లీ వచ్చి రెండే పరుగులకు యాన్సెన్‌ను బౌల్డ్ చేశాడు, అర్ష్‌దీప్ నాలుగు ఇచ్చాడు. ఆఖరి ఓవర్లో పదహారు కావాల్సి ఉండగా మొదటి బంతికే బౌండరీ గీత దగ్గర మిల్లర్ క్యాచ్‌ను సూర్యకుమార్ అందుకున్న తీరు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. టోర్నీలో అమెరికాలో జరిగిన మ్యాచ్‌లు ఆడిన హైదరాబాదీ సిరాజ్ వెస్టిండీస్ పిచ్‌లపై కుల్‌దీప్‌కు చోటిచ్చి బయట కూర్చున్నాడు. ఆ మార్పు కూడా పేరును కాకుండా పిచ్‌ను చూసి చేసినదే. గెలిచింది ఏడు పరుగుల తేడాతోనే కాబట్టి ఇక్కడ అదృష్టం పాత్ర లేదనడం అన్యాయం. బుమ్రాలాంటి బౌలర్ ఏ జట్టులోనైనా లెక్కలు మారుస్తాడు.

2025 మార్చిలో దుబాయిలో చాంపియన్స్ ట్రోఫీ కూడా అదే కూర్పుతో దక్కింది. నాలుగో స్థానంలో శ్రేయస్ కుదురుకున్నాడు, అయిదులో అక్షర్, ఆరులో రాహుల్ వచ్చారు. కాకపోతే భారత్ అన్ని మ్యాచ్‌లూ ఒకే మైదానంలో ఆడింది, ప్రత్యర్థులు పాకిస్తాన్, దుబాయిల మధ్య తిరిగారు. ఆ కప్పును అంచనా వేసేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి.

టెస్టుల్లో మాత్రం మార్పు ఇంకా రాలేదు. 2021లో సౌతాంప్టన్ ఫైనల్‌కు ముందు న్యూజిలాండ్ ఇంగ్లండ్‌తో రెండు టెస్టులు ఆడి సిద్ధమైతే, భారత ఆటగాళ్లు తమలో తామే మ్యాచ్ ఆడుకున్నారు. 2023లో ఐపీఎల్ ముగిసిన వారానికే ఓవల్‌లో ఫైనల్ ఆడారు, అశ్విన్‌ను బయట కూర్చోబెట్టారు, ఎడమచేతి వాటం హెడ్ 163 కొట్టాడు, ఓటమి 209 పరుగులతో. 2024 శరత్కాలంలో భారత్‌ను సొంతగడ్డపైనే న్యూజిలాండ్ 3-0తో ఓడించింది. బెంగళూరులో భారత్ 46కే ఆలౌటైంది, పుణె, ముంబై స్పిన్ పిచ్‌లపై శాంట్నర్, ఎజాజ్ పటేల్ వికెట్లు దండుకున్నారు. ప్రత్యర్థి కోసం తవ్విన గోతిలో సొంత బ్యాటర్లే పడ్డారు. ఆస్ట్రేలియాలో 3-1 ఓటమితో 2025 జూన్‌లో లార్డ్స్‌లో జరిగిన టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ చేజారింది.