టైటానియం వేరుకు పట్టే పాచి

బావిగట్టు మీద కాలు జారించే జిగురునూ, తెల్లవారి లేవగానే పళ్ల మీద నాలుకకు తగిలే జిగురునూ మనవాళ్లు ఒకే మాటతో పిలిచారు: పాచి. శాస్త్రం ఇప్పుడు బయోఫిల్మ్ అంటున్నది దీన్నే. సూక్ష్మజీవులు తమ చుట్టూ తామే జిగురు ఊరించుకుని కట్టుకునే గూడు అది.

కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్లినవాళ్లు ఈ పాచి గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. సెలవు మీద ఊరికొచ్చి, ఊడిన పన్ను చోట ఇంప్లాంట్ వేయించుకుంటారు. దాని టైటానియం మర దవడ ఎముకలో కుదురుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, పైన క్యాప్ ఒక్కోసారి వచ్చే సెలవుకే. క్యాప్ పడగానే పని అయిపోయిందనుకుని విమానం ఎక్కుతారు. మళ్లీ సెలవు దొరికేదాకా, అంటే కొందరికి రెండేళ్లు, ఆ పంటిని చూసేవాళ్లుండరు.

శుభ్రం చేసిన ఇంప్లాంట్ మీద నిమిషాల్లోనే లాలాజలపు పలచని పొర ఏర్పడుతుంది. దాన్ని పట్టుకుని మొదట స్ట్రెప్టోకాకస్ జాతులు చేరతాయి. ఫ్యూసోబాక్టీరియం వాటికీ, తర్వాత వచ్చేవాటికీ వంతెన అవుతుంది. చిగురు లోతున, గాలి తగలని చోట పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి అసలు హానికరమైనవి స్థిరపడతాయి.

పుక్కిలిస్తే పోదా? 1680లలోనే డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ దీన్ని పరీక్షించాడు. పంటి పాచిని తీసి వెనిగర్‌లో కలిపితే అందులోని జీవులు చచ్చాయి. అదే వెనిగర్‌తో నోరు పుక్కిలిస్తే, పళ్ల మధ్య పాచిలో ఉన్నవి బతికే ఉన్నాయి. గూడు వాటిని కాపాడింది. మౌత్‌వాష్ అయినా, మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ అయినా అంతే. బావిగట్టు పాచి నీళ్లు పోస్తే పోతుందా? రుద్దాలి.

సహజమైన పంటికైతే చిగురు పోగులు వేరులోకి అడ్డంగా నాటుకుని తడికలా కాపలా కాస్తాయి. ఇంప్లాంట్ పక్కన ఆ పోగులు నిలువుగా, మరను అంటీ అంటనట్టు ఉంటాయి. పాచి వల్ల చిగురు వాచి, ఆ కింది ఎముక కరగడం మొదలై గరుకైన మరచుట్లు బయటపడితే పాచికి అంతకన్నా మంచి చోటు లేదు. నొప్పి కూడా సాధారణంగా ఉండదు, మోసమంతా అక్కడే. బ్రష్ చేస్తే రక్తం, చిగురు వాపు, దుర్వాసన, నొక్కితే చీము: వీటినే నమ్మాలి. వాపు చిగురులోనే ఉండగా పట్టుకుంటే మామూలు స్థితికి తేవచ్చు. ఎముక కరిగాక తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. 2015లో వెలువడిన ఒక సమీక్ష అంచనా ప్రకారం ఇంప్లాంట్ ఉన్నవారిలో సగటున 22 శాతం మందికి ఈ ఎముక కరిగే జబ్బు కనిపించింది.

పొగతాగేవాళ్లకూ, ఇంతకుముందు చిగుళ్ల జబ్బుతో పళ్లు వదులైనవాళ్లకూ ముప్పు ఎక్కువ. అదుపులో లేని షుగరూ ముప్పే. కువైట్‌లో పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి షుగర్ ఉంది. అక్కడి తిండికీ, కూర్చుని చేసే పనికీ అలవాటుపడ్డ మనవాళ్లు రక్తపరీక్ష మానకూడదు.

రోజూ రెండుసార్లు మెత్తని బ్రష్‌తో, చిగురు అంచు దగ్గర ఆగి ఆగి రుద్దండి. ఇంప్లాంట్‌కీ పక్క పంటికీ మధ్య సందు కోసం చిన్న సీసా బ్రష్ లాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్ కొనుక్కోండి. నా దృష్టిలో ఖరీదైన మౌత్‌వాష్ కన్నా అదే విలువైనది. మిస్వాక్ పుల్ల అలవాటుంటే మంచిదే, కానీ అది ఆ సందులోకి పోదు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి, డెంటిస్టుకు చూపించాలి. కానీ కువైట్‌లో అబ్బాసియాలోనో, ఫహాహీల్‌లోనో, సాల్మియాలోనో ఉన్న డెంటిస్టు మీ ఊరి డాక్టరు ఏ మర వేశాడో ఎలా చెప్పగలడు? కంపెనీని బట్టి మరలూ, వాటిని విప్పే పనిముట్లూ మారతాయి. అందుకే విమానం ఎక్కేముందు ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు రాసిన కార్డూ, క్యాప్ వేసిన రోజు తీసిన ఎక్స్‌రేనూ అడిగి తీసుకోండి. ఫోనులో ఫోటో తీసి, అసలు కాగితాలు పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.