ఉన్నట్టుండి వచ్చే తలనొప్పి – మెదడులో బుడగ

తలనొప్పి రానివారు ఉండరు. ఎండ తగిలినా, నిద్ర చాలకపోయినా వస్తుంది. ఈ వ్యాసం ఆ నొప్పి గురించి కాదు. పని చేసుకుంటుండగా ఒక్క క్షణంలో, తలమీద సుత్తితో కొట్టినట్టు వచ్చే నొప్పి ఒకటుంది. “పుట్టి బుద్ధెరిగాక ఇంత నొప్పి చూడలేదు” అంటారు. వాంతులవుతాయి, మెడ బిగుసుకుంటుంది, కొందరికి స్పృహ తప్పుతుంది.

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకచోట పలచబడి, పాత సైకిలు ట్యూబులా ఉబ్బుతుంది. దీన్నే ఎన్యూరిజం అంటారు. చాలామందిలో అది జీవితాంతం పగలదు. బి.పి. అదుపులో లేనివారికి, చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారికి పగిలే ప్రమాదం ఎక్కువ.

మోసమంతా ఇక్కడుంది. మొదట కొంచెమే రక్తం కారి ఆగిపోవచ్చు. నొప్పి తగ్గినట్టుంటే ఇంట్లోవారు గ్యాస్ అనో, వడదెబ్బ అనో సరిపెట్టుకుంటారు. మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. అలా పగిలితే దక్కేవారు తక్కువ. ఆస్పిరిన్ మాత్రం వేయకండి, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. మత్తుగా ఉన్నవారి నోట్లో నీళ్లు కూడా పోయవద్దు.

చిన్న ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ జరగదు. అయినా అక్కడి డాక్టరు అనుమానించి, బి.పి. తగ్గించి, వెంటనే సి.టి. స్కాన్‌కు పంపితే సగం పని అయినట్టే. నొప్పి మొదలైన 6 గంటల్లోపు స్కాన్ తీస్తే రక్తస్రావం దాదాపు తప్పకుండా కనబడుతుంది. ఆలస్యమైతే వెన్ను నీరు తీసి చూడవలసి రావచ్చు.

అమలాపురం నుంచి యానాం వంతెన మీదుగా కాకినాడకు, కొత్తపేట నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రికి, రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపుకు వెళ్లవచ్చు. ఏ దారైనా, న్యూరోసర్జన్ ఉన్నారా, స్కాన్ పనిచేస్తోందా అని ముందే ఫోన్లో కనుక్కోండి. 108 కి చెప్పేటప్పుడు “ఉన్నట్టుండి వచ్చింది” అన్న మాట మరచిపోవద్దు.

వైద్యం రెండు రకాలు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ తల తెరచి, బుడగ మెడకు క్లిప్పు పెట్టారు. 1990లో తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపే పద్ధతి వచ్చింది. తల కోయనక్కరలేదు గాని, ఒక్క బుడగకే అనేక చుట్టలు పట్టవచ్చు, ఖరీదెక్కువ. క్లిప్పు చౌక. అందుకని అది పేదవారి వైద్యమనుకోకండి, కొన్ని బుడగలకు క్లిప్పే మేలు. మన దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో డాక్టర్ జాకబ్ చాండీ మొదలుపెట్టింది ఒక మిషన్ ఆసుపత్రిలోనే, వెల్లూరులో.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రి కౌంటరులో అడగండి. రేషన్ కార్డు, ఆధార్, స్కాన్ ఫిల్ములు వెంట ఉంచుకోండి. ఇంటికి పంపాక కూడా నిమోడిపిన్ మాత్ర రాసి ఉంటే, డాక్టరు చెప్పినన్నాళ్లు, సాధారణంగా మొత్తం 21 రోజులు, రాత్రి లేపి అయినా వేళకు వేయాలి.