కోడ్ పుట్టిన ఊళ్ళు చూసొద్దామా?

ఫారిన్ ట్రిప్ అనగానే మనవాళ్ళ లిస్టు దాదాపు ఒకటే. బ్యాంకాక్, బాలి, దుబాయ్, కాస్త డబ్బులుంటే స్విట్జర్లాండ్. నేనింకా దేశం దాటలేదు, కానీ నా లిస్టు మాత్రం రెడీగా ఉంది. అది కొంచెం వేరు. నాలుగేళ్ళు కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాం కదా, ఆ సబ్జెక్ట్ ఏ ఊళ్ళో, ఎవరి అవసరం కోసం మొదలైందో కళ్ళారా చూడాలని నా కోరిక. మన సిలబస్‌లో అల్గారిథమ్ ఉంటుంది, దాని వెనకున్న మనిషి ఉండడు. ఆ మనిషి కనిపించే చోట్లు ఇవి.

ఫ్నోమ్ పెన్: ఒక చుక్క కోసం

కంబోడియా వెళ్ళినవాళ్ళు అంకోర్ వాట్ చూసి వచ్చేస్తారు. చూడాల్సిందే. 12వ శతాబ్దపు ఆ గుడి గోడ మీద క్షీరసాగర మథనం చెక్కి ఉంటుంది, ఆ కథ మనకి గైడ్ చెప్పక్కర్లేదు. కానీ రాజధాని ఫ్నోమ్ పెన్‌కి ఇంకో రోజు ఉంచుకోండి. అక్కడి నేషనల్ మ్యూజియంకి చేరిన కె-127 అనే శాసనం మీద పాత ఖ్మేర్ భాషలో శక సంవత్సరం 605 అని ఉంది. అంటే క్రీ.శ. 683. ఆ 605లో సున్నా ఉండాల్సిన చోట ఒక చుక్క ఉంటుంది. తేదీతో సహా దొరికిన అతి పాత సున్నాల్లో అదొకటి.

1931లో జార్జ్ సెదేస్ అనే ఫ్రెంచ్ పండితుడు దాని గురించి రాశాడు. తర్వాత ఆ దేశం చూసిన ఘోరాల్లో రాయి ఏమైందో తెలియకుండా పోయింది. అమీర్ ఆక్జెల్ అనే గణిత రచయిత వెతగ్గా వెతగ్గా 2013లో మళ్ళీ దొరికింది.

ఆ శకం మనకి కొత్తదేం కాదు. ఉగాదికి పంచాంగంలో చదివే శాలివాహన శకం అదే. ఖ్మేర్ లిపి కూడా దక్షిణ భారతం నుంచి వెళ్ళిన పల్లవ లిపి నుంచే వచ్చింది. వాళ్ళ 2, 3 అంకెలు చూస్తే మన ౨, ౩ గుర్తొస్తాయి. మన అంకెలు మనకి వస్తే, అనుకోండి!

లియాన్: చిల్లుల అట్టల కోసం

ఫ్రాన్స్ అంటే పారిస్ అనుకుంటాం. అక్కడినుంచి హైస్పీడ్ ట్రైన్‌లో రెండు గంటలు వెళ్తే లియాన్. ఆ ఊళ్ళో క్రోయి-రూస్ అనే గుట్ట మీద ఇళ్ళకి పైకప్పు బాగా ఎత్తుగా ఉంటుంది. కారణం మగ్గం. 1804లో జకార్డ్ చేసిన మగ్గం అంత ఎత్తుండేది. దారంతో కుట్టిన అట్టల వరుస ఒకటి దాని మీద తిరుగుతుంది. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒకటి, సున్నా. డిజైన్ మార్చాలంటే మగ్గం మార్చక్కర్లేదు, అట్టలు మారిస్తే చాలు. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ వేరు వేరు అనే ఆలోచన నాకు క్లాసులో కన్నా ఇక్కడే బాగా అర్థమైంది. లియాన్‌లోని మెజోన్ దె కానూ మ్యూజియంలో ఆ మగ్గం నేసి చూపిస్తారు. లియాన్ కుదరకపోతే ధర్మవరం వెళ్ళండి, పట్టుచీర అంచు కోసం అవే చిల్లుల అట్టలు మగ్గం మీద వేలాడుతూ కనిపిస్తాయి.

ఈ ఊరు నా లిస్టులో ఉండటానికి ఇంకో కారణం ఉంది. జకార్డ్‌కి ముందు పోగులు లేపడానికి మగ్గం పక్కన ఇంకో మనిషి తాళ్ళు లాగేవాడు. అట్టలొచ్చాక ఆ పని పోయింది. 1831లో ఇదే గుట్ట నేతగాళ్ళు కూలి రేట్ల కోసం తిరగబడ్డారు కూడా. ఏఐ వచ్చాక మన ఉద్యోగాలు ఏమవుతాయని హాస్టల్లో రాత్రి రెండింటిదాకా మాట్లాడుకుంటున్నాం కదా, ఆ మాటలు ఆ ఊరు రెండు వందల ఏళ్ళ కిందటే మాట్లాడుకుంది. జవాబు అక్కడ దొరుకుతుందని కాదు. ఈ ప్రశ్న మనకే మొదటిసారి రాలేదని తెలిస్తే కాస్త ధైర్యం, అంతే.

లండన్, బ్లెచ్‌లీ: ఇత్తడి చక్రాల కోసం

లండన్ సైన్స్ మ్యూజియంకి టికెట్ లేదు, ఫ్రీ. అక్కడ చార్లెస్ బాబేజ్ గీసిన డిఫరెన్స్ ఇంజిన్ నంబర్ 2 ఉంది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే లెక్కలు వేసే మనిషి. వాళ్ళ లెక్కల పట్టికల్లో తప్పులు దొర్లేవి, ఓడలవాళ్ళు ఆ పట్టికల్నే నమ్ముకునేవాళ్ళు. ఆ తప్పులు తీసేయాలన్నది బాబేజ్ పట్టుదల. 1871లో పోయేదాకా ఆయన యంత్రం పూర్తి కాలేదు. మ్యూజియం వాళ్ళు ఆయన డ్రాయింగుల ప్రకారమే తయారు చేస్తే 1991లో లెక్క కరెక్ట్‌గా చేసింది. కోడ్ రన్ అవ్వడానికి నూటయాభై ఏళ్ళు పట్టినట్టు!

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి గంటలోపు ప్రయాణం బ్లెచ్‌లీ. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పిన చోటు. ట్యూరింగ్ పేరు అందరికీ తెలుసు. అక్కడి సిబ్బందిలో ఎక్కువమంది ఆడవాళ్ళని చాలామందికి తెలీదు. కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ని కట్టిన టామీ ఫ్లవర్స్ పోస్టాఫీసు టెలిఫోన్ ఇంజనీర్, సాయంత్రం క్లాసులకి వెళ్ళి డిగ్రీ తెచ్చుకున్న మనిషి. 1970ల దాకా ఆ పని గురించి బయట చెప్పుకోవడానికే లేదు. రెజ్యూమేలో రాసుకోలేని ప్రాజెక్ట్ అన్నమాట. తిరిగి కట్టిన కొలోసస్ అక్కడి నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్‌లో ఉంది. బ్లెచ్‌లీ పార్క్‌కి, దీనికి టికెట్లు వేరు వేరు, చూసుకోండి.

ముందు ఏది?

మన జేబుకి మొదట కంబోడియానే. ఈ-వీసా ఉంది, దూరం తక్కువ. ఫ్రాన్స్‌కి షెంజెన్ వీసా కావాలి, అది ఇంగ్లండ్‌లో చెల్లదు, దానికి ఇంకోటి. కాబట్టి ఆ రెండూ మొదటి జీతం తర్వాతి సంగతి.

శాసనంలో ఒక తేదీ, పట్టు మీద పువ్వు, ఓడకి దారి, యుద్ధంలో ఒక ఉత్తరం. ఇందులో ఎవరూ కంప్యూటర్ కనిపెడదామని కూర్చోలేదు. ఎదురుగా ఉన్న పని సరిగ్గా చేద్దామనుకున్నారు. సివిల్ వాళ్ళకి, మెకానికల్ వాళ్ళకి కూడా ఇలాంటి ఊళ్ళు ఉండే ఉంటాయి. వచ్చే సంచికకి మీ లిస్టు పంపండి.