రోబో పోటీల్లో చక్రాలే కీలకం

ఆటను బట్టే చోదక వ్యవస్థ ఎంపిక

ఇంజినీరింగ్ విద్యార్థులు నెలల తరబడి శ్రమించి తయారుచేసిన రోబో, పోటీ మైదానంలో కొద్ది నిమిషాల్లోనే సత్తా చాటాలి. వస్తువును పట్టుకునే చేయి ఎంత చక్కగా పనిచేసినా, రోబో సకాలంలో సరైన చోటికి చేరకపోతే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే చక్రాలు, మోటార్లు, గేర్లతో కూడిన చోదక వ్యవస్థ ఎంపిక తొలి మెట్టు. 2002లో టోక్యోలో మొదలైన ఆసియా-పసిఫిక్ రోబోకాన్ పోటీల్లో ఏటా ఆట మారుతుంది. కనుక నిరుడు గెలిచిన నమూనా ఈ ఏడు పనికిరాకపోవచ్చు.

రెండు మోటార్లతో సులువు

ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి మోటారు అమర్చడం అన్నింటికన్నా తేలిక. రెండూ సమవేగంతో తిరిగితే రోబో తిన్నగా సాగుతుంది. వేగాల్లో తేడా వస్తే మలుపు తిరుగుతుంది. ఖర్చు తక్కువ, మరమ్మతు సులభం. ప్రత్యర్థి రోబోను నెట్టాల్సిన పోటీలకు మంచి పట్టున్న రబ్బరు చక్రాలతో ఈ విధానమే మేలు. అయితే ఇది నేరుగా పక్కకు జరగలేదు.

పక్కకూ పరుగు

వస్తువు ఎదుట కచ్చితంగా నిలవాల్సిన ఆటల్లో అన్ని దిశలకూ కదిలే చక్రాలు అక్కరకొస్తాయి. ఆమ్ని చక్రం అంచున చిన్న రోలర్లు ఉంటాయి. ఇలాంటి మూడింటిని 120 డిగ్రీల ఎడంతో అమర్చితే రోబో ఎటైనా కదులుతుంది. స్వీడన్ ఇంజినీరు బెంగ్ట్ ఇలాన్ 1970ల్లో రూపొందించిన మెకానమ్ చక్రంలో రోలర్లు 45 డిగ్రీల వాలుతో ఉంటాయి. దీనికి నాలుగు చక్రాలు, నాలుగు మోటార్లు కావాలి. వీటిలో ఏ చక్రం నేలను వీడినా రోబో దారి తప్పుతుంది. నెట్టే బలమూ తక్కువే. స్వెర్వ్ విధానంలో పట్టు, స్వేచ్ఛ రెండూ దక్కుతాయి. కానీ ప్రతి చక్రానికీ తిప్పేందుకు ఒకటి, దిశ మార్చేందుకు ఒకటి చొప్పున నాలుగు చక్రాలకు ఎనిమిది మోటార్లు అవసరం. బరువు, ఖర్చు, ప్రోగ్రామింగ్ భారం పెరుగుతాయి.

గేరు లెక్క తప్పొద్దు

100 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రం చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. అది నిమిషానికి 300 చుట్లు తిరిగితే రోబో వేగం సెకనుకు సుమారు 1.57 మీటర్లు. గేర్లతో చుట్లను 150కి తగ్గిస్తే వేగం సగమవుతుంది, తిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది. మైదానం చిన్నదైతే గరిష్ఠ వేగం కన్నా త్వరగా కదిలి, త్వరగా ఆగడమే ముఖ్యం. బ్యాటరీ వంటి బరువైన భాగాలను కిందికి అమర్చితే రోబో తూలదు.

సాధనే గీటురాయి

ఆట నియమాలు చదివి, రోబో ఎక్కడికి ఎన్నిసార్లు వెళ్లాలో ముందుగా కాగితంపై గీసుకోవాలి. పక్కకు కదలాల్సిన పని లేకుంటే రెండు మోటార్ల విధానమే చాలు. తొలుత చక్రాల చట్రాన్ని పూర్తిచేసి నడపడం మొదలుపెడితే, మిగతా భాగాలు సిద్ధమయ్యేలోగా లోపాలు బయటపడతాయి. పోటీ ముందురోజు వరకూ బిగింపులతో కుస్తీ పట్టే సంక్లిష్ట రోబో కన్నా, వారాలపాటు నడిపి చూసిన సాధారణ రోబోతోనే గెలుపు అవకాశాలు మెరుగవుతాయి.