కొండ యెక్కు కారు దాహము
తిరుపతినుండి తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరచినది మొదలు, కొండ యెక్కు కారులకు దాహమొక పరీక్ష యైనది. ఎక్కుడుదారిలో చిన్న గేరు, మందవేగము; ఇంజను కాగును, చల్లార్చు గాలి చాలదు. 1974లో రెండవ దారి వచ్చినది. నేడు ఎక్కుటకు అదియే. అయినను, 2014లో తయారీ నిలిచిన అంబాసిడరును ఇంకను ముద్దుగా సాకువారికి ఆ పరీక్ష తప్పలేదు.

ఆవిరి గ్రక్కు మూతను త్రిప్పరాదు. లోపలి ఒత్తిడిచే నూరు డిగ్రీలు దాటియు మరుగని నీరు, మూత సడలగనే భగ్గున మొగముమీదికి చిమ్మును. కాగి యెండిన ఇంజనులో చన్నీరు కుమ్మరించుట ఇంకను చెరుపు. పోత ఇనుము పగులవచ్చును. దర్శనమునకు తొందరపడువారికి ఈ మాట చెప్పుట కష్టమే!

అసలు సేవ కొండ క్రిందనే, బండి చల్లారిన పిమ్మట జరుగవలెను. మూత తీసి, రేడియేటరు అడుగు కుళాయితోపాటు ఇంజను ప్రక్కనున్న కుళాయినిగూడ విప్పవలెను. మురికి నిలుచునది అచ్చటనే, జనులు మరచునదియు దానినే. త్రుప్పు అడ్డినచో సన్నని తీగతో పొడువవలెను. తేటనీరు వచ్చువరకు కడిగి, సున్నము గల బావినీరు మాని, శుద్ధజలములో కూలెంటు కలిపి పోయవలెను. దించిన పాత కూలెంటు తీయని విషము. వీధికుక్క నోటికి అందకుండ పాత్రలో పట్టి మూతవేయవలెను.