బరాత్ వెలుగుల్లో మాడుతున్న కెమెరా కన్ను
మరమ్మతు ఖర్చు చూస్తే గుండె గుభేల్ – ముందే తెలుసుకుంటే కొంత మేలు

మాఘమాసం వచ్చిందంటే పల్లెటూళ్ళ ఫోటోగ్రాఫర్లకు చేతినిండా పని. ఏడాదిలో ముహూర్తాలున్న నాలుగైదు నెలల సంపాదనతోనే మిగతా నెలలు గడవాలి. అప్పు చేసి కొన్న కెమెరా ఒకటి, బ్యాటరీలు, ఒక ఫ్లాష్ లైటు, ఊళ్ళో అద్దె గది. వారి ఆస్తి అంతే. అటువంటి వారికి కొన్నేళ్ళుగా కొత్త బెడద ఒకటి దాపురించింది. అది పెళ్ళి ఊరేగింపులో డీజే బండి మీద గిరగిర తిరిగే లేజరు దీపం.

ఆకుపచ్చగా, నీలంగా గీతలు గీతలుగా వీధి పొడుగునా పరుచుకునే ఆ కాంతి పిల్లలకు, పెద్దలకు కూడా కనువిందే. కాని దానిలో ఒక్క గీత కెమెరా అద్దంలోకి సూటిగా పడితే చాలు, రెప్పపాటులో లోపలి సెన్సారు దెబ్బతినవచ్చు. ఆ సంగతి అప్పటికప్పుడు చాలామందికి తెలియదు. మర్నాడు కంప్యూటరులో బొమ్మలు చూసుకుంటుంటే తలంబ్రాల ఫోటోల్లో లేని చుక్క, బరాత్ మొదలైన దగ్గరనుంచి ప్రతి ఫోటోలోనూ అదే చోట కనిపిస్తుంది. కొన్నిటిలో చుక్కతో పోదు. పైనుంచి కిందికి దారం వేలాడదీసినట్టు గీత పడుతుంది.

రీలు పోయి సెన్సారు వచ్చె

సెన్సారు అంటే సినిమాలను కోసే సెన్సారు కాదు. కెమెరా లోపల, పూర్వం రీలు ఉండే చోట అమర్చిన సిలికాను పలక. పెద్ద కెమెరాల్లో దాని పొడవు 36 మిల్లీమీటర్లు, వెడల్పు 24 మిల్లీమీటర్లు. అచ్చంగా పాత రీలులోని ఒక ఫ్రేము అంత. దాని మీద వరి మళ్ళ మాదిరి వరుసలు వరుసలుగా గళ్ళుంటాయి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా అంటే అటువంటి గళ్ళు 2 కోట్ల 40 లక్షలు ఉన్నాయన్నమాట. ఒక్కొక్క గడిలో ఎంత వెలుతురు పడిందో అంత విద్యుత్తు తయారవుతుంది. దాన్ని లెక్కగట్టి కెమెరా బొమ్మగా మారుస్తుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. వెలుతురును విద్యుత్తుగా పట్టే సీసీడీ పలకను అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లోనే కనిపెట్టారు. 2009లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అటువంటి పలకతో మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క ఫోటో టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. మన పెళ్ళిళ్ళలో అయితే ఆ లోపల మూడు ముళ్ళూ పడిపోతాయి.

రీలు కెమెరాకు, దీనికి ఒక పెద్ద తేడా ఉంది. రీలులో ప్రతి ఫోటోకు కొత్త ఫిలిం ముక్క ముందుకు వస్తుంది. ఒక ఫ్రేము పాడైతే 36లో ఒకటి పోయినట్టు. డిజిటల్ కెమెరాలో మొదటి ఫోటోకైనా లక్షో ఫోటోకైనా అదే పలక. దానికి ఒకసారి గాయమైతే ఆ మచ్చ కెమెరా ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చడం చిన్నప్పుడు అందరూ చేసినదే. లేజరు విషయంలో జరిగేదీ అదే. లేజరు కాంతి చెదరకుండా ఒకే గీతగా వస్తుంది. కెమెరా అద్దం దాన్ని సూదిమొనంత చోట కేంద్రీకరిస్తుంది. అక్కడి గళ్ళు, వాటి మీది రంగు పొరలు మాడిపోతాయి. ఆ గళ్ళనుంచి విద్యుత్తు తీసుకుపోయే దారి కూడా తెగితే వరుస వరుసంతా చచ్చిపోతుంది. గీత కనిపించేది అందుకే. సెల్‌ఫోను కెమెరాలకూ ఇదే గతి.

అద్దం లేచే పాతరకం డీఎస్ఎల్ఆర్‌లో ఫోటో తీసే క్షణంలో తప్ప సెన్సారు మూసే ఉంటుంది. వీడియో తీసినా, వెనుక తెరమీద చూస్తూ తీసినా ఆ రక్షణ లేదు. ఇప్పుడు అందరూ కొంటున్న మిర్రర్‌లెస్ కెమెరాలో వెనుక తెర వెలుగుతున్నంతసేపూ సెన్సారు తెరుచుకునే ఉంటుంది. కొత్త కెమెరా కొన్నవారే ఎక్కువ జాగ్రత్తపడాలి.

ప్రతి మచ్చా సెన్సారు చావు కాదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మచ్చ కనబడగానే "సెన్సారు పోయింది" అని తలపట్టుకునేవారిలో చాలామందికి నిజంగా సెన్సారు పోదు. సెన్సారు మీద పల్చని గాజు ఫిల్టరు ఉంటుంది. దుమ్ము పడేది ఆ గాజు మీద. గీతలు పడేదీ ఎక్కువగా దాని మీదే. ఈ తేడా తెలియక వందల రూపాయల పనికి వేలు సమర్పించుకునేవారున్నారు.

తేడా కనిపెట్టడానికి పట్నం పోనక్కరలేదు. ఎపర్చరు ఎఫ్16కు తగ్గించి, ఫోకస్ చెడగొట్టి, సున్నం వేసిన గోడనో మబ్బులేని ఆకాశాన్నో ఫోటో తీయాలి. అంచులు మసకగా ఉండే నల్ల మచ్చలు కనిపిస్తే అది దుమ్ము. లెన్సు మార్చి తీసినా అదే చోట ఉంటే దుమ్ము లెన్సు మీద కాదు, సెన్సారు గాజు మీద ఉందని అర్థం. తర్వాత లెన్సుకు మూత పెట్టి కొన్ని సెకన్లపాటు చీకటి ఫోటో తీయాలి. ఎరుపు, నీలం, తెలుపు చుక్కలు మెరిస్తే కొన్ని గళ్ళు చెడ్డాయన్నమాట. అవి విడివిడిగా, కొద్దిగా ఉంటే పిక్సెల్ మ్యాపింగ్ అనే పద్ధతిలో చెడ్డ గడికి బదులు పక్క గళ్ళ లెక్కతో సరిపెట్టవచ్చు. కొన్ని కెమెరాల మెనూలోనే ఆ సదుపాయం ఉంది. మిగతావాటికి సర్వీసు సెంటరులో చేస్తారు. పలక మార్చే పనే లేదు. ఒక అంచునుంచి మరో అంచుదాకా గీత ఉంటే మాత్రం వ్యవహారం ముదిరినట్టే. లోపలి రిబ్బను తీగ వదులైనా గీతలు రావచ్చు కనుక, అదీ చూపించిన తర్వాతే సెన్సారు మీద నేరం మోపాలి.

ఒక్కొక్కప్పుడు తప్పు తయారుచేసినవారిదే అయి ఉంటుంది. 2012లో వచ్చిన నికాన్ డి600 కెమెరాల్లో సెన్సారు మీద పదేపదే మచ్చలు పడుతుంటే, వారంటీ అయిపోయినా సరే ఉచితంగా శుభ్రంచేసి షట్టరు మారుస్తామని 2014లో ఆ కంపెనీయే ప్రకటించింది.

దుమ్ము దులపడంలో మనవాళ్ళు చేసే అఘాయిత్యాలు అన్నీ ఇన్నీ కావు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. కండువా కొసతో తుడిస్తే గీత పడుతుంది. సైకిలు షాపు గాలిగొట్టం పెట్టేవారూ ఉన్నారు. ఆ గాలిలో నూనె, నీటి తుంపర ఉంటాయి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టడం వరకు ఇంట్లో చేసుకోవచ్చు. అప్పటికీ పోకపోతే ఆ పనిమీదే ఉన్నవారి చేతికివ్వాలి.

ఖర్చు లెక్క

శుభ్రం చేయించడం వరకైతే ఖర్చు వందల్లోనే, మహా అయితే వెయ్యి దాటి కొంత. పైగాజుకు గీత పడి దాన్ని మార్చవలసి వస్తే వేలల్లోకి పోతుంది. కొన్ని మోడళ్ళకు గాజును విడిగా ఇవ్వరు. సెన్సారుతో కలిపే మార్చాలంటారు.

సెన్సారే మాడిపోతే బాగుచేయడమనే మాట లేదు. మాడిన గళ్ళను మళ్ళీ నాటగల మేస్త్రీ ప్రపంచంలో లేడు. దుమ్ము కణం కూడా దూరని గదుల్లో తయారై, సీలు వేసి వచ్చే సరుకది. కాబట్టి పలకను మార్చవలసిందే. చిన్న కెమెరాలకు సుమారు పదిపదిహేను వేలనుంచి, పెద్ద సెన్సారు కెమెరాలకు అర లక్ష దాటి కూడా కావచ్చు. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. మోడలును బట్టి, విడిభాగం దొరకడాన్ని బట్టి మారతాయి.

ఉదాహరణకు సెన్సారుకు రూ. 30,000, పనికి రూ. 4,000 అన్నారనుకుందాం. మొత్తం రూ. 34,000. దానిమీద జీఎస్టీ 18 శాతం, అంటే రూ. 6,120. వెరసి రూ. 40,120. పంపడం, తెప్పించడం ఖర్చు వేరు. కెమెరా రెండు మూడు వారాలు అక్కడ ఉంటే, ఆ ముహూర్తాలకు అద్దె కెమెరా ఖర్చు మరీ వేరు. అదే మోడలు సెకండ్‌హ్యాండులో రూ. 35,000కు దొరుకుతుంటే మరమ్మతు చేయించడం తెలివైన పని కాదు. సగం ధరలో పని అయిపోతే చేయించుకోవచ్చు. కనుక కెమెరా విప్పకముందే అంచనా కాగితం అడిగి తీసుకోవాలి. విప్పి చూసినందుకు ఎంత పుచ్చుకుంటారో కూడా అప్పుడే అడగాలి.

హైదరాబాదులో కోఠీ వంటి చోట్ల పాత కెమెరాలనుంచి తీసిన సెన్సారు వేసి తక్కువలో చేసేవారున్నారు. అందులో మంచి పనివారూ ఉన్నారు. అయితే సెన్సారు బిగించడం గడియారానికి బ్యాటరీ వేసినట్టు కాదు. లెన్సుకు సరిగ్గా సమాంతరంగా కూర్చోవాలి. వెంట్రుక మందంలో చిన్న భాగం తేడా వచ్చినా ఫోటో ఒక పక్క స్పష్టంగా, మరో పక్క మసకగా వస్తుంది. చేతికి తీసుకునే ముందే గుమ్మం బయటకు వచ్చి, ఇటుక గోడను నాలుగు మూలలూ కనిపించేలా ఫోటో తీసి చూసుకోవాలి. తీసిన పాత సెన్సారును కూడా అడిగి తెచ్చుకోవాలి.

డబ్బున్నా దొరకని రోజు వస్తుందనడానికి జర్మనీ కెమెరా లైకా ఎం9 సాక్ష్యం. 2009లో వచ్చిన ఆ ఖరీదైన కెమెరా సెన్సారు మీది గాజు క్రమంగా తినేసినట్టయి ఫోటోల్లో మచ్చలు వచ్చాయి. మొదట కంపెనీ ఉచితంగా మార్చింది. 2017 తర్వాత ఖర్చులో దాదాపు వెయ్యి యూరోలు యజమాని భరించాలన్నది. తర్వాత ఆ సెన్సార్ల నిల్వలే అయిపోయాయి.

ఎవరు భరించాలి?

లేజరు దెబ్బకు వారంటీ వర్తిస్తుందని ఆశపడకూడదు. లేజరు కిరణాలను నేరుగా లెన్సులోకి రానీయవద్దని కెమెరాతో వచ్చే పుస్తకంలోనే హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని పెట్టెలోంచి తీసేవారెందరు? కెమెరాకు బీమా చేయించేవారు లేజరు దెబ్బ కూడా వస్తుందా రాదా అని ముందే కాగితం మీద రాయించుకోవడం మంచిది.

డీజే బండిని మాట్లాడింది పెళ్ళివారు. దీపాలు తిప్పింది బండివారు. నష్టపోయింది ఫోటోగ్రాఫరు. అడిగితే ఎవరికి వారే మాకేం తెలుసంటారు. పెళ్ళి ఇంట్లో పోట్లాడితే వచ్చే ముహూర్తానికి ఆ ఊరివారు పిలవరు. దాంతో నోరు మూసుకొని ఇంటికి పోయేవారే ఎక్కువ. బయానా తీసుకునే రోజునే, ఊరేగింపులో లేజరు ఉందా అని అడగాలి. ఉంటే ఆ కిరణాలను జనం తలల మీదుగా ఎత్తులో తిప్పాలని, కెమెరా దెబ్బతింటే ఎవరెంత పెట్టుకోవాలని పెద్దమనుషుల ముందు తేల్చుకోవాలి. పెళ్ళివారు దీన్ని ఫోటోగ్రాఫరు గొంతెమ్మ కోరిక అనుకోవద్దు. కెమెరా కన్ను మాడ్చే కాంతి మనిషి కన్నును వదలదు. మహారాష్ట్రలో వినాయక ఊరేగింపుల్లో లేజరు వల్ల చూపు దెబ్బతిన్న ఉదంతాలు బయటపడ్డాక, 2024లో పుణె పోలీసులు పండుగ ఊరేగింపుల్లో ఆ దీపాలను నిషేధించారు.

బండికి ఎదురుగా కాక వెనుకగానో పక్కగానో నిలబడి తీయడం, తీయనప్పుడు లెన్సుకు మూత పెట్టడం ఫోటోగ్రాఫరు చేతిలో ఉన్న పనులు. రెండు కెమెరాలున్నవారు బరాత్‌కు పాతదాన్నే పట్టుకుపోతున్నారు.

మచ్చపడిన కెమెరాను అటక మీద పడేయనక్కరలేదు. ఫోటోలో ఒకటి రెండు చుక్కలైతే కంప్యూటరులో చెరిపేయవచ్చు. వీడియోలోనే అది కష్టం. గీత ఒక పక్కకు ఉంటే, ఆ పక్క కత్తిరించి పాసుపోర్టు సైజు ఫోటోలకు స్టూడియోలో హాయిగా వాడుకోవచ్చు. పరీక్ష ఫీజులు కట్టే రోజుల్లో పిల్లలు వరుసకట్టే ఫోటోలకు ఆ కెమెరాయే చాలు.